పైడిరాజు అనే ఆస్కార్ చేప

2000 తర్వాతి పదేళ్లలో మా విజయనగరంలో అక్వేరియం అంటే చాలా ఇళ్లలో ఒకటే రూపం. ఓ మూల గుండ్రటి గాజు గిన్నె, అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు, అడుగున నీలం, ఎరుపు రాళ్లు. కాస్త ఉన్నవాళ్లయితే రెండడుగుల గాజు తొట్టి, అందులో మూత తెరుచుకుంటూ బుడగలు వదిలే ప్లాస్టిక్ నిధి పెట్టె. పళ్ల డాక్టరు గదిలో అదే, బట్టల షాపు కౌంటరు పక్కన అదే. చేప చచ్చిపోతే అదే రంగుది ఇంకోటి తెచ్చి వేసేవారు. పిల్లలకు కూడా ఆ తేడా తెలిసేది కాదు.

మా హాల్లో మాత్రం ఒకే చేప పదేళ్లు బతికింది. దానికి పేరుంది. ఇష్టమైన మనుషులున్నారు, గిట్టని మనుషులున్నారు. అలిగితే బుజ్జగించాల్సి వచ్చేది. దాని గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. 2008లో మా ఇంటికి వచ్చిన టైగర్ ఆస్కార్ అది. అమెజాన్ నది చేప.

గంటస్తంభం దగ్గర ఒక సందులో చిన్న చేపల షాపు ఉండేది. నడిపే ఆయన్ని మేమంతా బాబాయి అనేవాళ్లం. కోల్‌కతా నుంచి రైల్లో థర్మకోల్ పెట్టెలు వచ్చేవి. కొన్ని మద్రాసు కొళత్తూరు నుంచి వచ్చేవి. పెట్టె తెరిచాక బాబాయి హడావుడి పడేవాడు కాదు. చేపలున్న కవర్లను అలాగే తొట్టి నీళ్ల మీద తేలనిచ్చి, కవర్లో నీళ్ల వేడి, తొట్టి నీళ్ల వేడి ఒకటయ్యాకే వదిలేవాడు. నేను ఇంటర్ చదివే రోజుల్లో కాలేజీ నుంచి వస్తూ ఆ పని చూడ్డానికే అక్కడ ఆగేవాణ్ని.

మా ఊరి పైడితల్లి అమ్మవారి పండగ, సిరిమానోత్సవం, అయిపోయిన తర్వాత ఓ సాయంత్రం ఒక పెట్టెలోంచి ఆస్కార్ పిల్లలు బయటపడ్డాయి. రెండంగుళాలుంటాయేమో. నల్లటి ఒంటి మీద తెల్లగా, నారింజ రంగులో వంకర టింకర గీతలు. మిగతా పిల్ల చేపలు చెయ్యి చూడగానే చెదిరిపోతాయి. ఇవి అద్దం దగ్గరికొచ్చి నిలబడి కళ్లు తిప్పి చూశాయి. అవును, తిప్పి చూశాయి. ఆస్కార్ కన్ను కదులుతుంది. మనం ఎటు నడిస్తే అటు తిరుగుతుంది. నాకు ఒకటి కావాలన్నాను.

బాబాయి వెంటనే ఇవ్వలేదు. "ఇది అడుగు దాకా పెరుగుద్ది బాబూ. మీ ఇంట్లో రెండడుగుల తొట్టుంటే దీని జోలికి రాకు, గప్పీలు పట్టుకెల్లు" అన్నాడు. తన సరుకు అమ్ముకోవాల్సిన మనిషి ఆ మాట అన్నాడు. ఆ తర్వాత నేను చూసిన షాపుల్లో అలా చెప్పినవాళ్లు చాలా తక్కువ. రెండంగుళాల పిల్లను చూపించి, "చిన్న తొట్టిలో చిన్నగానే ఉంటుంది సార్" అని అమ్మేస్తారు. అది నిజం కాదు. బాగా తింటే మొదటి ఏడాది నెలకు సుమారు అంగుళం చొప్పున సాగుతుంది. ఇరుకు తొట్టిలో వేస్తే చిన్నగా ఉండదు, జబ్బు పడుతుంది. ఇప్పటికీ ఎవరైనా ఆస్కార్ గురించి అడిగితే నేను మొదట చెప్పేది బాబాయి చెప్పిన మాటే.

మా నాన్న లెక్కల మాస్టారు. విషయం చెప్పగానే క్యాలెండరు కాగితం వెనక లెక్క వేశారు. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే ఇరవై ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. అంటే నిండా పోస్తే 560 లీటర్లు దాటుతుంది. లీటరు నీళ్లు కేజీ. 12 మిల్లీమీటర్ల అద్దం బరువే వంద కేజీలు. ఇసుక, రాళ్లు, ఇనప స్టాండు కలిపితే ఏడు వందల కేజీల దగ్గరికి వచ్చింది. "ఏడు బస్తాల బియ్యం ఒకే చోట పెట్టినట్టు. మన గచ్చు ఆగుతుందిలే" అన్నారు. ఆయన ఒప్పుకోవడం అంటే అదే. మా ఇంట్లో అనుమతులన్నీ లెక్కల రూపంలోనే వచ్చేవి.

అద్దాల షాపులో కోయించి, సిలికాన్‌తో అతికించి, వెల్డింగ్ షాపులో యాంగిల్ స్టాండు చేయించాం. అద్దానికీ ఇనుముకీ మధ్య థర్మకోల్ షీటు పరిచాం. స్టాండు ఎక్కడైనా కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా ఆ బరువుకి అద్దం పగలకుండా అది సర్దుకుంటుంది. నీళ్లు పోసి ఫిల్టరు ఆన్ చేశాక కొన్ని వారాలు మొలీ చేపలు రెండే అందులో తిరిగాయి. అంత తొట్టిలో రెండు వేళ్లంత చేపలు! చూసినవాళ్లంతా అడిగేవారు. మా మామ్మయితే రోజూ అడిగేది, "ఉత్త నీళ్లకి కరెంటెందుకురా?" అని.

ఆ నీళ్లు ఉత్త నీళ్లు కావు. బాబాయి తన ఫిల్టరులోంచి నల్లగా మురికి పట్టిన స్పాంజి ముక్క ఒకటి తీసి, కవర్లో తడిగా చుట్టి ఇచ్చాడు. "కడక్కు. అందులోనే ఉంది ప్రాణం" అన్నాడు. చేప విసర్జించినదాంట్లోంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. స్పాంజిలో కాపురముండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేటు చేస్తుంది. నైట్రేటు కొంత ఉన్నా చేప ఓర్చుకుంటుంది, పెరిగిపోకుండా మనం వారం వారం కొంత నీళ్లు తీసేసి కొత్తవి పొయ్యాలి. ఈ గొలుసు నిలబడటానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా పెద్ద చేపను వెయ్యకూడదు. ఆస్కార్ లాంటి తిండిపోతు విషయంలో అయితే అసలు తొందర పనికిరాదు. నాన్నకి ఈ గొలుసు లెక్క ఎంత నచ్చిందంటే, అప్పట్నుంచి తొట్టి ఆయనదైపోయింది. నేను పేరుకి యజమానిని.

పేరు పెట్టింది అమ్మ. పైడితల్లి పండగ తర్వాత వచ్చింది కాబట్టి పైడిరాజు. మా ఊళ్లో వీధికో పైడిరాజు ఉంటాడు. పక్కింటి పైడిరాజు మామయ్యకు కోపం వస్తుందేమో అనుకున్నాం. ఆయన రోజూ వచ్చి పలకరించి వెళ్లేవాడు.

మొదటి ఏడాదిలోనే అది ఒళ్లు చేసింది. పిల్లప్పటి గీతలు పోయి, ముదురు ఒంటి మీద నిప్పు కణికల్లాంటి నారింజ మచ్చలు పడ్డాయి. తోక మొదట్లో నల్లటి చుక్క, చుట్టూ నారింజ వలయం, అచ్చం కన్నులా. ఆ నదుల్లో రెక్కలు కొరికే పిరానాలుంటాయి. ఏది తలో ఏది తోకో తెలియక అవి తికమక పడటానికే ఆ దొంగ కన్ను అని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇంటర్నెట్ సెంటర్‌లో గంట కొనుక్కుని నేను ఇవన్నీ చదివి రాసుకొచ్చేవాణ్ని. ఈ చేపను 1831లో శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేసిన లూయీ అగస్సీ అప్పటికి బ్రెజిల్ చూడనే లేదట. స్పిక్స్ అనే ఆయన అక్కడ సేకరించి తెచ్చిన చేపలను, ఆయన పోయాక, యూరప్‌లో కూర్చుని వర్ణించాడు. దీన్ని సముద్రపు చేప అనుకుని ఆ జాతిలో కలిపాడు. నాన్నకు చదివి వినిపిస్తే, "నది నుంచి వచ్చిందని పాపం ఆయనకెవరు చెబుతారు" అన్నారు.

ఏంజెల్ ఫిష్‌దీ, ఆస్కార్‌దీ ఒకే కుటుంబం, సిక్లిడ్లు. మన చెరువుల్లో ఉన్న తిలాపియా కూడా ఆ కుటుంబమే, కాకపోతే ఆఫ్రికా శాఖ. కానీ ఆస్కార్ దారి వేరు. అది తొట్టిని తన ఇల్లనుకుంటుంది. నేను పగలు అందంగా సర్దిన రాళ్లను రాత్రి నోటితో మోసి ఇంకో మూలకు చేర్చేది. నాటిన మొక్క తెల్లారేసరికి నీళ్ల మీద తేలుతూ ఉండేది. ఒకే మూల ఇసుక తోడి గొయ్యి చేసుకునేది. ఎన్నిసార్లు పూడ్చినా మళ్లీ అదే మూల. చివరికి మొక్కలు మానేశాం. నున్నటి నదిరాళ్లు, ఒక చెట్టు మొద్దు, ఒక నల్ల గ్రానైట్ పలక, అంతే ఉంచాం. చూడ్డానికి బోసిగా ఉందని కొందరన్నారు. దానికి నచ్చింది, అది చాలు.

నాన్న స్కూలు నుంచి వచ్చి గేటు తీస్తే చాలు, అద్దం దగ్గరికొచ్చి ఒళ్లంతా ఊపేది. ఆయన తొట్టి ముందు నడుస్తుంటే ఈ చివర నుంచి ఆ చివరికి తోడు వచ్చేది. కొత్తవాళ్లొస్తే మొద్దు వెనక్కి పోయి రంగు మార్చుకునేది. నీళ్లు మార్చిన రోజు, రాళ్లు కదిపిన రోజు అలక. అడుగున ఒక పక్కకి ఒరిగి పడుకునేది. మొదటిసారి చూసి అమ్మ ఏడ్చినంత పని చేసింది, పోయిందేమోనని. నాన్న రొయ్య ముక్క చూపించగానే ఏమీ జరగనట్టు లేచొచ్చింది. మామ్మ దాని ఎదుట కూర్చుని విస్తరాకులు కుట్టేది. "ఏటిరా, నా పనంతా సూస్తన్నాది. నేర్సుకుంటాదేటి?" అనేది. వాళ్లిద్దరూ మధ్యాహ్నాలు అలా గంటలు గడిపేవాళ్లు.

తిండి విషయంలో మేం చాలా పట్టింపుగా ఉండేవాళ్లం. చాలామంది ఆస్కార్‌కి బతికున్న గోల్డ్ ఫిష్ వేసి, వేటాడుతుంటే చూస్తారు. నాకది నచ్చదు. అందులో చూడముచ్చట ఏముంది? పైగా ఆ చేపలతో జబ్బులొస్తాయి, గోల్డ్ ఫిష్ ఒంట్లో బి1 విటమిన్‌ను పాడుచేసే ఎంజైము ఉంటుంది. మా పైడిరాజుకి రోజూ గింజల మేత, అదే పెల్లెట్లు. ఆదివారం అమ్మ రొయ్యలు వొలిచినప్పుడు ఉప్పు కారం తగలకముందే నాలుగు పక్కన పెట్టేది. వానాకాలంలో పెరట్లో ఎర్రలు. అప్పుడప్పుడు ఉడకబెట్టి తొక్క తీసిన బఠాణీ. అమెజాన్‌లో వరదలప్పుడు నీళ్లు అడవిలోకి ఎక్కితే ఈ చేపలు పురుగులతో పాటు రాలిన పళ్లు కూడా తింటాయట. చికెన్, మటన్ కొవ్వు దానికి అరగదు. పండక్కి వచ్చిన చుట్టాలు ప్రేమగా ఏదో ఒకటి వెయ్యబోయేవారు. అమ్మ మొహమాటం లేకుండా ఆపేసేది.

దానికి తోడుగా సెవరమ్ అనే ఆకుపచ్చ చేప ఒకటి ఉండేది. అదీ దక్షిణ అమెరికాదే. నెమ్మదస్తురాలు, పాలకూర అంటే ప్రాణం. అద్దాల పాచి తినడానికని ఒక సక్కర్ చేప కూడా ఉండేది. అది అడుగు దాటి పెరిగితే ఎవరో "పెద్ద చెరువులో వదిలెయ్యండి" అన్నారు. నాన్న ఒప్పుకోలేదు, దానికి వేరే తొట్టి చూశారు. ఆ నిర్ణయం ఎంత మంచిదో ఇప్పుడు తెలుస్తోంది. ఆ జాతి చేపలు మన చెరువుల్లో చేరి పెరుగుతుంటే రైతులు దెయ్యం చేప అని తిట్టుకుంటున్నారు. దయచేసి ఎవరూ ఏ అక్వేరియం చేపనూ చెరువులో, గెడ్డలో వదలకండి.

ఇంటి పనులన్నీ నీళ్ల చుట్టూ సర్దుకున్నాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది చేప మొప్పల్ని కాల్చేస్తుంది. అందుకని అది పోయేదాకా డ్రమ్ములో పట్టి ఉంచేవాళ్లం, తొందరైతే క్లోరిన్‌ను విరిచే హైపో మందు చుక్కలు వేసేవాళ్లం. పెరటి నూతి నీళ్లలో క్లోరిన్ లేదు కానీ గట్టి నీళ్లు. రెండూ కలిపి పోసేవాళ్లం. తొట్టిలోంచి ట్యూబుతో లాగిన నీళ్లు జామ చెట్టుకి, కరివేపాకుకి, కొబ్బరికి. నైట్రేటంటే ఎరువే కదా. ఆ జామకాయలు వీధంతా పంచేవాళ్లం.

ఒక ఎండాకాలం నుయ్యి అడుగంటింది, కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. నీళ్లు మార్చడం తగ్గింది. కొన్నాళ్లకి పైడిరాజు తల మీద సూదితో గుచ్చినట్టు చిన్న గుంటలు కనిపించాయి. తలలో రంధ్రాలు పడే జబ్బు పెద్ద సిక్లిడ్లకు ఎక్కువ. నిలవ నీళ్లు, పోషకాలు చాలని తిండి, ఒక రకం సూక్ష్మజీవి, అన్నీ కలిస్తే వస్తుందంటారు. ఎదురింటి ఆటో మామయ్య ట్రిప్పులయ్యాక డ్రమ్ములతో నీళ్లు తెచ్చి పోశాడు, డబ్బు తీసుకోలేదు. మంచి నీళ్లు పడగానే గుంటలు మెల్లగా పూడాయి. మచ్చలు మాత్రం ఉండిపోయాయి.

2011లో ఒక వానాకాలం సాయంత్రం, అది గ్రానైట్ పలకను నోటితో తోమడం మొదలెట్టింది. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. రాత్రికి పలక మీద వరసలు వరసలుగా గుడ్లు. ఆస్కార్‌లో ఆడా మగా పైకి ఒకేలా ఉంటాయి, గుడ్లు పెట్టే వేళ తప్ప తేల్చలేం. మగ తోడు లేకపోయినా ఆడది గుడ్లు పెట్టేస్తుంది. జంట ఉంటే వెయ్యి నుంచి మూడు వేల దాకా పెడతాయి, రెండు మూడు రోజుల్లో పిల్లలవుతాయి. మా దానికి జంట లేదు. అయినా రాత్రంతా రెక్కలతో గుడ్లకి గాలి విసురుతూనే ఉంది. మర్నాటికి గుడ్లు తెల్లబడ్డాయి. తీసేద్దామని చెయ్యి పెట్టిన నన్ను కరిచింది. "దాన్ని వదిలెయ్ నాన్నా. దానికి తెలిసినప్పుడు అదే వదులుతాది" అంది అమ్మ. వదిలేసింది, కొన్నాళ్లకి. మామ్మ ఆ రోజు నుంచి పైడమ్మ అని పిలవడం మొదలెట్టింది. మిగతా వాళ్లకి పాత పేరే నోటికి వచ్చేది.

2014 అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ తుఫాను వచ్చింది. తీరం దాటింది విశాఖ దగ్గరైనా, మా ఊరినీ వదల్లేదు. రోజంతా గాలి హోరు. పెరట్లో కొబ్బరి చెట్టు నూతి మీద పడింది. కరెంటు అంతకు ముందే పోయింది. ఫిల్టరు ఆగింది, గాలి పంపు ఆగింది. సెలవులకి ఇంటికొచ్చి ఉన్నాను కాబట్టి ఆ రోజులన్నీ నా కళ్ల ముందే జరిగాయి.

ముందు మేత పూర్తిగా ఆపేశాం. ఇంత పెద్ద చేప కొన్ని రోజులు తినకపోయినా ఏమీ కాదు, తింటేనే నీళ్లు పాడవుతాయి. ఫిల్టరు డబ్బాలో స్పాంజిలు అలాగే ఉంటే గాలి ఆడక బ్యాక్టీరియా చచ్చి కుళ్లిపోతుంది. తీసి తొట్టిలోనే వేలాడదీశాం. తర్వాత చెంబులు. నీళ్లు ముంచి, ఎత్తు నుంచి సన్నగా పొయ్యడం. నీళ్లు పై నుంచి పడితే గాలి కలుస్తుంది. అమ్మ, నాన్న, నేను, మామ్మ కూడా వంతులేసుకున్నాం. ఊళ్లో కొవ్వొత్తి దొరకడం కష్టంగా ఉంది, పాల ప్యాకెట్టు కోసం క్యూలు. అలాంటప్పుడు బాబాయి చెట్లు దాటుకుంటూ సైకిలు మీద వచ్చి, టార్చి సెల్స్‌తో నడిచే చిన్న గాలి పంపు ఇచ్చి వెళ్లాడు. అతని షాపులో సగం చేపలు అప్పటికే పోయాయి.

సెవరమ్ దక్కలేదు. ఒక తెల్లవారుజామున పోయింది. జామచెట్టు కింద పాతిపెట్టాం. పైడిరాజు అడుగున కదలకుండా, మొప్పలు మాత్రం ఆడిస్తూ ఉండిపోయింది. అమెజాన్ వరద మడుగుల్లో రాత్రిపూట ఆక్సిజన్ దాదాపు అడుగంటిపోతుంది. ఒంటి పనులన్నీ తగ్గించుకుని అలాంటి నీళ్లలో బతకడం ఆస్కార్ జాతికి వచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా టెన్షన్ తగ్గలేదు. రాత్రి టార్చి వేసి మొప్పలు ఆడుతున్నాయో లేదో చూడటం, మళ్లీ చెంబు అందుకోవడం. కరెంటు వచ్చిన రోజు వీధంతా కేకలు వేసింది. నాన్న మాత్రం స్విచ్ వెయ్యకుండా, ముందు ఫిల్టరు డబ్బా కడిగి, స్పాంజిలు అమర్చి, అప్పుడు వేశారు. తిండికి అద్దం దగ్గరికి రావడానికి దానికి ఇంకా కొంత టైం పట్టింది. వచ్చిన రోజు నాన్న నాకు ఫోన్ చేశారు. నేను అప్పటికి హైదరాబాద్ వెళ్లిపోయాను. క్లాసులోంచి చేశారట ఆ ఫోన్.

2018 వేసవిలో అది ముసలితనంతో పోయింది. ఒక కన్ను మసకబారింది, తిండి తగ్గింది, చివరి రోజుల్లో నాన్న చేతి నుంచి తప్ప తినేది కాదు. ఆస్కార్‌కి పదేళ్లు మంచి ఆయుష్షే.

అదే ఏడాది అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటింది. శ్రీకాకుళంలో ఉన్న నా స్నేహితుడి దగ్గర ఫ్లవర్ హార్న్ చేప ఉంది. కరెంటు పోగానే ఫోన్ చేశాడు. మేత ఆపమని, స్పాంజి తీసి తొట్టిలో వెయ్యమని, చెంబుతో పొయ్యమని చెప్పాను. సిగ్నల్ మధ్యలో తెగిపోయింది. వారం తర్వాత బాగానే ఉందని ఫోటో పంపాడు. దాన్ని నాన్నకు పంపితే, "నీళ్లు కాస్త పచ్చగా ఉన్నాయి, సగం మార్చమను" అన్నారు.

ఆ తొట్టి ఇప్పటికీ విజయనగరంలోనే ఉంది, ఖాళీగా. దాన్ని హైదరాబాద్ తెచ్చుకుని మళ్లీ ఒక ఆస్కార్‌ను పెంచాలని నా కోరిక. ఇల్లే కుదరడం లేదు. మొన్న ఒక ఓనరుకి అన్నీ నచ్చాయి. అక్వేరియం ఉంటుందని చెబితే, "దానికేముంది, పెట్టుకోండి" అన్నాడు. బరువు చెప్పగానే మాట మార్చాడు. గ్రౌండ్ ఫ్లోర్, కింద సెల్లార్ లేని ఇల్లు చూస్తున్నాను. నాన్న అక్కడ లారీ ఆఫీసుల్లో, అద్దాలు విడగొట్టకుండా తొట్టిని నిలువుగా పంపాలా పడుకోబెట్టి పంపాలా అని వాకబు చేస్తున్నారు.